గాలి గుట్టు తెచ్చిన వేగులు

రసాయనశాస్త్ర ప్రయోగశాలలో మొదటిసారి అడుగుపెట్టిన విద్యార్థికి మేము నేర్పే మొదటి పాఠాలలో ఒకటి వాసన చూచే పద్ధతి. పరీక్షనాళికను ముక్కు దగ్గర పెట్టుకొని గట్టిగా పీల్చరాదు. నాళికను కొంచెం దూరంగా పట్టుకొని, దాని మూతిమీది గాలిని అరచేతితో మెల్లగా ముక్కువైపు విసురుకోవాలి. కిప్ పరికరం దగ్గర కుళ్ళిన గ్రుడ్ల కంపు భరించలేక వెనక్కు తగ్గే విద్యార్థులు ఈ పాఠం ఎవరూ చెప్పకుండానే నేర్చుకొంటారనుకోండి. ఇందులో ఒక చిక్కు దాగి ఉన్నది. వాయువును పరీక్షించాలంటే అది ఉన్నచోటికి పోవాలి; పోయినవాడు దానిని పీల్చక తప్పదు. పరీక్షనాళిక విషయంలో ఇది చిన్న చిక్కే. కాని పరీక్షించవలసిన గాలి మూడు కిలోమీటర్ల ఎత్తున, సముద్రం మీద ఉంటే? అణుబాంబు ప్రేలిన మేఘంలో ఉంటే? నడిసముద్రంలో పోతున్న ఓడ పొగగొట్టం మీద ఉంటే?

మనిషికి బదులు యంత్రాన్ని పంపితే సరి అని మీరు అంటారు. ఈ జవాబు వినటానికి సులభంగానే ఉన్నది. కాని ఇది రావటానికి చాలా కాలం పట్టింది. వచ్చిన తరువాత కూడ మనుష్యులు దానిని ఒకసారి చేతిలోకి తీసుకొని మళ్ళీ ప్రక్కన పెట్టారు. ఆ కథ తెలుసుకోదగినది.

మొదట మనుష్యులే పోయారు. 1862 సెప్టెంబరు 5వ తేదీన జేమ్స్ గ్లైషర్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు హెన్రీ కాక్స్‌వెల్ అనే బెలూన్ చోదకునితో కలసి ఇంగ్లండులోని వుల్వర్‌హాంప్టన్ పట్టణం నుండి ఆకాశంలోకి లేచాడు. ఎత్తుకు పోయినకొద్దీ గాలి ఉష్ణోగ్రత, తేమ, పీడనం ఎట్లా మారుతున్నవో వ్రాసుకోవటం అతని పని. ఎనిమిది కిలోమీటర్లు దాటిన తరువాత మొదట చూపు మందగించింది, తరువాత చేతులు స్వాధీనం తప్పినవి, చివరికి స్పృహ పోయింది. బెలూన్ ఇంకా పైకి పోతూనే ఉన్నది. కాక్స్‌వెల్ చేతులు చలికి కొయ్యబారిపోయినవి. అతడు కవాటపు త్రాడును పళ్ళతో పట్టి లాగి వాయువును బయటికి వదలినాడు. ఆ పళ్ళవల్లనే ఇద్దరూ బ్రతికి బయటపడ్డారు. పదమూడు సంవత్సరాల తరువాత, 1875 ఏప్రిల్ 15న, ఫ్రాన్సులో ‘జెనిత్’ అనే బెలూన్‌లో ముగ్గురు ఎక్కారు. క్రిందికి దిగేసరికి క్రోసె-స్పినెల్లి, సివెల్ అనే ఇద్దరు చనిపోయి ఉన్నారు. మూడవవాడైన గాస్తాన్ తిస్సాందియే మాత్రం ప్రాణాలతో మిగిలాడు.

ఆ తరువాత ఇరవై సంవత్సరాలు తిరగకముందే ఫ్రెంచివారు మనిషి లేని చిన్న బెలూన్లకు పరికరాలు కట్టి పంపటం మొదలుపెట్టారు. పరికరంలోని కలం తనంతట తానే గీతలు గీస్తుంది. బెలూన్ పగిలి పరికరం ఎక్కడో పొలంలో పడుతుంది. దొరికినవాడు దయతలచి తిరిగి పంపాలి. ఇట్లాంటి బెలూన్లను వందలకొద్ది పంపి తెస్రాంక్ ద బోర్ 1902లో వాయుమండలంలో స్ట్రాటోస్ఫియర్ అనే పొర ఉన్నదని ప్రకటించాడు. 1929, 1930 సంవత్సరాలలో ఫ్రాన్సులో బ్యూరో, రష్యాలో మొల్చనోవ్ రేడియో ప్రసారిణిని బెలూన్‌కు కట్టటంతో పొలాలలో వెదకవలసిన పని కూడ తప్పింది. అయితే బెలూన్‌కు ఒక లోపం ఉన్నది. అది గాలి పంపినచోటికి పోతుంది గాని మనం పంపినచోటికి పోదు.

పంపినచోటికి పోయే వాహనం మొదట నీటిమీద పుట్టింది. 1898లో న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ ప్రదర్శనశాలలో నికొలా టెస్లా ఒక చిన్న పడవను తొట్టిలో విడిచి, తీగె ఏదీ లేకుండ, దూరంనుండి రేడియో తరంగాలతో దానిని నడిపించి చూపాడు. అదే సంవత్సరం నవంబరు 8న దానికి పేటెంటు పొందాడు. చూచినవారిలో కొందరు ఇదేదో కనికట్టు అనుకున్నారట. పడవనుండి విమానానికి ఈ విద్య మారటానికి మరి కొన్ని దశాబ్దాలు పట్టింది. 1935లో బ్రిటిషువారు ఫిరంగుల గురి అభ్యాసానికి ‘క్వీన్ బీ’ అనే చోదకుడు లేని విమానాన్ని తయారుచేశారు. క్వీన్ బీ అంటే రాణి ఈగ. ఈనాడు పెండ్లి పందిళ్ళమీద గూడ తిరుగుతున్న ‘డ్రోన్’ అనే మాట ఆ రాణి ఈగకు జంటగా పుట్టినదే నంటారు. ఇంగ్లీషులో డ్రోన్ అంటే పోతుటీగ.

ఈ పోతుటీగ గాలిని వాసన చూడటం మొదలుపెట్టింది 1946లో. ఆ సంవత్సరం జూలైలో అమెరికావారు పసిఫిక్ మహాసముద్రంలోని బికినీ ద్వీపవలయం దగ్గర రెండు అణుబాంబులను ప్రేల్చి చూచారు. ప్రేలుడులో బాంబులోని పదార్థం ఎంతవరకు విచ్ఛిన్నమైనదో తెలియాలంటే పుట్టగొడుగు ఆకారంలో లేచిన మేఘంలోని ధూళిని తెచ్చి రసాయనశాలలో విశ్లేషించాలి. అందులోకి మనుష్యులను పంపటానికి ఎవరికి ధైర్యం చాలుతుంది? కాబట్టి యుద్ధంలో మిగిలిన బి-17 బాంబర్ విమానాలను రేడియోతో నడిచేటట్లు మార్చారు. లేచేటప్పుడు, దిగేటప్పుడు నేలమీదివారు నడిపేవారు. మధ్యలో సురక్షితమైన దూరాన ఎగిరే ‘తల్లి విమానం’లోని చోదకుడు నడిపేవాడు. ఈ విమానాలు మేఘంలో వేర్వేరు ఎత్తులలో దూరి, వడపోత కాగితాలమీద ధూళిని పట్టుకొని తిరిగి వచ్చినవి. నాలుగు ఇంజనుల పెద్ద విమానం లోపల ఒక్కరూ లేకుండ లేచి, పని ముగించి, దిగటం ఆ రోజులలో అద్భుతమే.

ఇంత చేసినవారు తరువాత ఏమి చేశారో చూడండి. 1948 నాటి పరీక్షలలో మనుష్యులున్న ఒక విమానం పొరపాటున మేఘపు కొసను దాటింది. లోపలివారికి ఎవరికీ వెంటనే జబ్బు చేయలేదు. చోదకుడు లేని విమానాలు ఖర్చుతో కూడినవి, వాటికి పెద్ద సిబ్బంది కావాలి, రేడియో ఎప్పుడు మొరాయిస్తుందో తెలియదు. మనిషి పోయి వస్తే సులభం గదా అన్న ఆలోచన బలపడింది. వెంటనే జబ్బు చేయకపోవటం, హాని లేకపోవటం ఒకటి కాదని రేడియో ధార్మికత సంగతి తెలిసినవారికి ఆనాడే తెలుసు. అయినా త్వరలోనే మనుష్యులున్న విమానాలదే పై చేయి అయింది.

1952 నవంబరు 1న ఎనివెటోక్ ద్వీపవలయం దగ్గర ‘మైక్’ అనే మొదటి పెద్ద హైడ్రోజన్ ప్రేలుడు జరిగింది. ఎఫ్-84 జెట్ విమానాలు ఒక్కొక్క చోదకునితో ఆ మేఘంలోకి దూరినవి. కెప్టెన్ జిమ్మీ రాబిన్సన్ విమానం లోపల అదుపు తప్పి గిరగిర తిరుగుతూ పడిపోసాగింది. అతడు ఎట్లాగో సరిచేసుకొని బయటికి వచ్చాడు గాని, దారి తెలిపే సంకేతాలు అందలేదు. గాలిలో ఇంధనం నింపే విమానం కనబడలేదు. దిగవలసిన ద్వీపం కొద్ది మైళ్ళ దూరంలో ఉండగా ఇంధనం అయిపోయి సముద్రంలో పడ్డాడు. దేహం దొరకలేదు. మిగిలినవారు తెచ్చిన వడపోత కాగితాలను కాలిఫోర్నియాలోని బర్కిలీ ప్రయోగశాలలో ఆల్బర్ట్ గియోర్సో బృందం పరీక్షించగా, అంతకుముందు ప్రపంచానికి తెలియని మూలకం కనబడింది. యురేనియం-238 కేంద్రకం రెప్పపాటులో పదిహేను న్యూట్రాన్లను మ్రింగి, తరువాత మెట్టుమెట్టుగా మారి, 99వ మూలకమైంది. తరువాత 100వది కూడ ఆ మేఘపు ధూళిలోనే దొరికింది. మన తరగతి గదులలో వ్రేలాడే మూలకాల పట్టికలో ఐన్‌స్టైనియం, ఫెర్మియం అనే పేర్లతో ఉన్న గళ్ళు అవే. ఆ రెండు గళ్ళను చూపించినప్పుడు రాబిన్సన్ పేరు కూడ ఒకసారి చెప్పటం న్యాయమని నేననుకొంటాను.

ఇక మనకు దగ్గరి సంగతికి వద్దాం. హైదరాబాదులో టాటా ఇన్‌స్టిట్యూట్ వారి బెలూన్ కేంద్రం ఉన్నది. 1987లోను, 1990లోను అహమ్మదాబాదు ఫిజికల్ రిసర్చ్ లాబొరేటరీ శాస్త్రజ్ఞులు జర్మన్ శాస్త్రజ్ఞులతో కలసి ఇక్కడినుండి పెద్ద బెలూన్లలో ద్రవ నియాన్‌తో చల్లబరచిన ఖాళీ సీసాలను పంపించారు. ఒక్కొక్క ఎత్తులో నేలనుండి రేడియో ఆజ్ఞ పోగానే ఒక్కొక్క సీసా మూత తెరచుకొని, గాలిని గడ్డకట్టించి లోపల దాచుకొని, మూసుకొనేది. ఓజోన్ పొరను తినే క్లోరోఫ్లోరో కార్బన్లు మన నెత్తిమీద ఎంత ఎత్తున ఎంత ఉన్నవో ఈ విధంగా తెలిసింది. ఇక్కడ మూత మన చేతిలో ఉన్నది; దారి మాత్రం ఇంకా గాలి చేతిలోనే ఉన్నది.

దారి కూడ మన చేతిలో ఉంటే తప్ప తేలని ప్రశ్న ఒకటి 1999లో ఎదురైంది. ఆ సంవత్సరం జనవరినుండి మార్చివరకు అనేక దేశాల శాస్త్రజ్ఞులు ‘ఇండోఎక్స్’ అనే పేరుతో హిందూ మహాసముద్రం మీది గాలిని పరీక్షించారు. దీనికి నాయకులు వీరభద్రన్ రామనాథన్, పౌల్ క్రుట్జెన్. రామనాథన్ అన్నామలై విశ్వవిద్యాలయంలోను, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లోను చదివి అమెరికా వెళ్ళినవాడు. చలికాలంలో మన ఉపఖండంనుండి సముద్రంవైపు వీచే పొడిగాలి తనతోపాటు కట్టెపొయ్యిల పొగ, బొగ్గు పొగ, డీజిల్ మసి, కాల్చిన పంట మోళ్ళ పొగ అన్నీ మోసుకొని పోతుంది. ఇది సముద్రం మీద సుమారు మూడు కిలోమీటర్ల మందాన గోధుమరంగు మేఘంగా పరచుకొన్నదని ఆనాడు తేలింది. దాని క్రింద సముద్రానికి చేరే సూర్యరశ్మి దాదాపు పదవవంతు తగ్గింది.

తగ్గిన రశ్మి ఎక్కడికి పోయినట్లు? ఈ మేఘంలో రెండు రకాల కణాలున్నవి. గంధకంవల్ల ఏర్పడే సల్ఫేట్ కణాలు తెల్లనివి. అద్దపు పొడివలె రశ్మిని వెనుకకు చెదరగొడతవి. నల్లమసి కణాలు రశ్మిని మ్రింగి తమ చుట్టూ ఉన్న గాలిని వేడిచేస్తవి. మొదటిది జరిగితే భూమికి చల్లదనం. రెండవది జరిగితే నేలమీద నీడ, ఆకాశంలో వేడి. ఆకాశంలో ఆ వేడి మూడు, నాలుగు కిలోమీటర్ల ఎత్తున ఉంటే, అదే ఎత్తులో ఉన్న హిమాలయపు మంచుకు దాని సెగ తగులుతుంది. గంగ, సింధు, బ్రహ్మపుత్ర నీళ్ళు త్రాగే కోట్లమంది సంగతి ఇందులో ఉన్నది. లెక్కలు వేసినవారు చాలామంది ఉన్నారు గాని, పొరలో మ్రింగబడిన రశ్మిని సూటిగా కొలిచినవారు లేరు.

ఎందుకు కొలవలేకపోయారో గోదావరి కాలువను తలచుకొంటే తెలుస్తుంది. కాలువ తల తూము దగ్గర వదలిన నీరు ఎంత, శివారు తూము దగ్గరికి చేరిన నీరు ఎంత అని కొలిచి, రెండింటి తేడా చూస్తే మధ్యలో నేల ఎంత త్రాగిందో తెలుస్తుంది. అయితే పొద్దున తల తూము దగ్గర కొలిచి, అదే ఉద్యోగి సైకిలుమీద పోయి సాయంకాలం శివారు తూము దగ్గర కొలిస్తే ఆ లెక్క చెల్లదు. ఈ మధ్యలో ఎవరు ఎక్కడ తూము ఎత్తారో, ఎక్కడ దించారో! ఇండోఎక్స్ విమానం ఈ సైకిలు ఉద్యోగి వంటిదే. అది ఒక్కసారి ఒక్క ఎత్తులోనే ఎగరగలదు. అది పొర క్రింద కొలిచి పైకి ఎగబ్రాకేలోపల సూర్యుడు జరుగుతాడు, చిన్న మబ్బు అడ్డం వస్తుంది, గాలి మారుతుంది. ఉపగ్రహం చూడదా అనవచ్చు. అది పైనుండి మొత్తం పొరను ఒక్కటిగా చూస్తుంది. కాలువ తల మాత్రమే చూచిన ఉద్యోగి అది.

మూడు పెద్ద విమానాలను మనుష్యులతో ఒకదాని నెత్తిమీద ఒకటిగా గంటలకొద్ది ఎగిరించటం ఖర్చుకు ఖర్చు, ప్రమాదానికి ప్రమాదం. అందుచేత స్క్రిప్స్ సముద్రశాస్త్ర సంస్థలో రామనాథన్ బృందం చిన్న మానవరహిత విమానాలవైపు తిరిగింది. ఒక్కొక్కటి సుమారు 30 కిలోగ్రాముల బరువు. అందులో శాస్త్ర పరికరాలకు దక్కినది అయిదు కిలోగ్రాములకు లోపే. మామూలుగా ప్రయోగశాలలో బల్లనిండా ఉండే సామానును ఇంత బరువులోకి కుదించటంలోనే అసలు కష్టమంతా ఉన్నది. పైకి, క్రిందికి చూచే రశ్మిమాపకాలు రెండు. గాలిలోని కణాలను లెక్కించే పరికరాలు. నల్లమసిని తూచే పరికరం ఒకటి. ఈ చివరిదాని సూత్రం లాంతరు చిమ్నీ తుడిచిన ప్రతి ఇల్లాలికీ తెలుసు. తెల్లని వడపోత కాగితం గుండా గాలిని పీల్చితే కాగితం నల్లబడుతుంది. ఎంత త్వరగా నల్లబడుతున్నదో కాంతితో కొలిస్తే మసి ఎంతో తెలుస్తుంది.

2006 మార్చిలో మాల్దీవులలోని హనిమాధూ ద్వీపంనుండి ఇవి ఎగిరినవి. మూడు విమానాలు: ఒకటి గోధుమరంగు మేఘానికి క్రింద, ఒకటి మేఘంలో, ఒకటి మేఘానికి పైన. లేచేటప్పుడు, దిగేటప్పుడు నేలమీది చోదకుడు రేడియోతో నడిపేవాడు. తరువాత ముందుగా నిర్ణయించిన దారిలో, ఉపగ్రహ సంకేతాల సాయంతో అవే తమను నడుపుకొనేవి. ఒకే బిందువు మీదుగా మూడూ పది సెకండ్లలోపు తేడాతో దాటిపోయేవి. ఆ నెలలో ఇట్లాంటి యాత్రలు 18 జరిగినవి. పై విమానం చెప్పిన రశ్మినుండి క్రింది విమానం చెప్పిన రశ్మిని, వెనుకకు పోయిన రశ్మిని సరిచూచి తీసివేస్తే, మధ్యలో గాలి త్రాగినది ఎంతో మొట్టమొదటిసారి సూటిగా తేలింది. కాలువ మీద ముగ్గురు ఉద్యోగులు ఒకే గడియారం చూచుకొని నిలబడినట్లయింది.

ఫలితాలు 2007 ఆగస్టులో ‘నేచర్’ పత్రికలో వచ్చినవి. ఈ మేఘంవల్ల వాయుమండలపు క్రింది పొరలు సూర్యరశ్మితో వేడెక్కటం సుమారు 50 శాతం పెరిగిందని అందులో చూపారు. ఈ కొలతలను వాతావరణ నమూనాలలో పెట్టి లెక్కించగా, ఆసియా ఖండపు క్రింది వాయుమండలం వేడెక్కటంలో ఈ మేఘాల పాత్ర బొగ్గుపులుసు వాయువు మొదలైనవాటి పాత్రకు దాదాపు సమానమని తేలింది. మొదటిది కొలత, రెండవది ఆ కొలతమీద కట్టిన లెక్క. ఈ రెండింటినీ విద్యార్థులు కలపరాదు. అయితే ఒక్క సంగతి మాత్రం ఊరటనిచ్చేది. బొగ్గుపులుసు వాయువులో కొంత భాగం వందల సంవత్సరాలు గాలిలోనే నిలచి ఉంటుంది. మసి వారం, పదిరోజులలో వానతోనో, తనంతట తానో నేలకు దిగుతుంది. పొయ్యిలను, ఇంజనులను బాగుచేస్తే ఆకాశం కొద్ది వారాలలోనే తేలికపడుతుంది.

ఆకాశపు పొరలనుండి ఇప్పుడు ఒక పొగగొట్టం దగ్గరికి దిగుదాం. ఓడలు మండించే నూనెలో గంధకం ఎక్కువ. అది కాలి సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది. 2015 జనవరి 1నుండి బాల్టిక్, ఉత్తర సముద్రాలలో తిరిగే ఓడల ఇంధనంలో గంధకం 0.1 శాతాన్ని మించరాదు. 2020నుండి ప్రపంచమంతటా సాధారణ పరిమితి 3.5 శాతంనుండి 0.5 శాతానికి తగ్గింది. మంచి నూనె ఖరీదెక్కువ. నడిసముద్రంలో ఏ నూనె మండిస్తున్నారో రేవులో కూర్చున్న అధికారికి ఎట్లా తెలుస్తుంది? ఐరోపా సముద్ర భద్రతా సంస్థ మానవరహిత విమానాలను ఈ పనికి సమకూర్చింది. డెన్మార్కు 2019లో తన జలాలలో ఇట్లాంటి దానితో ఓడల పొగను పరీక్షించింది.

విమానం పొగలో దూరి రెండే సంగతులు కొలుస్తుంది: మామూలు గాలిలో కంటె సల్ఫర్ డయాక్సైడ్ ఎంత ఎక్కువ, బొగ్గుపులుసు వాయువు ఎంత ఎక్కువ అని. పొగ గాలిలో ఎంతగా పలచబడినదో మనకు తెలియదు; తెలియనక్కరలేదు కూడ. రెండూ ఒకే పాళ్ళలో పలచబడతవి గనుక వాటి నిష్పత్తి మారదు. ఉదాహరణకు బొగ్గుపులుసు వాయువు అణువులు వేయింటికి సల్ఫర్ డయాక్సైడ్ అణువు ఒకటి కనబడిందనుకోండి. అంటే 12,000 గ్రాముల కార్బన్‌కు 32 గ్రాముల గంధకం కాలినదన్నమాట. ఓడ నూనెలో కార్బన్ సుమారు 87 శాతం. కాబట్టి 12,000 గ్రాముల కార్బన్ దాదాపు 13,793 గ్రాముల నూనెలో ఉంటుంది. 32ను 13,793చేత భాగించి నూటికి చెప్పితే 0.23 శాతం. బాల్టిక్ సముద్రంలో ఇది పరిమితికి రెండింతలకు మించినది! అణుభారాల పాఠం చెప్పేరోజున ఉపాధ్యాయులు ఈ లెక్కను నల్లబల్లమీద వేయించవచ్చు.

ఇందులో కొంత పొరపాటుకు తావున్నది. గంధకంలో కొంత భాగం సల్ఫర్ డయాక్సైడ్ కాక ఇతర రూపాలలో పోతుంది గనుక లెక్క కొంచెం తక్కువ చూపుతుంది. నిలువుగా లేచే చిన్న డ్రోన్లయితే తమ రెక్కల గాలితో తామే నమూనాను చెదరగొట్టుకొంటవి. అందుకని పీల్చే గొట్టాన్ని రెక్కలకు దూరంగా అమర్చవలసి ఉంటుంది. పొగ పరీక్షను అధికారులు అనుమానానికి ఆధారంగా తీసుకొంటారు గాని నేరానికి రుజువుగా కాదు. ఓడ తరువాతి రేవు చేరేసరికి ఆ సమాచారం అక్కడ ఉంటుంది. తనిఖీదారు నిచ్చెన ఎక్కి ఓడలోకి పోయి, ఇంధన పుస్తకం తిరగవేసి, ఇంజను గదిలోని గొట్టంనుండి నూనెను సీసాలో పట్టి, మూతకు ముద్రవేసి ప్రయోగశాలకు పంపుతాడు.